మిగిలిన టమాటా ఎవరి లెక్కలోకి?

రాత్రి ఏడు దాటాక రైతు బజారుకు వెళ్లే అలవాటున్నవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉంటారు. పొద్దున బోర్డు మీద రాసిన ధరకు ఆ వేళకు పెద్ద విలువ ఉండదు. మూడు కట్టల పాలకూర వచ్చే డబ్బుకే ఐదు కట్టలు వస్తాయి. కిలో వంకాయలు అడిగితే ఇంకో అరకిలో సంచిలో పడుతుంది. ఇంకాసేపు ఆగితే "ఉన్నదంతా తీసుకోండమ్మా, ఎంతో కొంత ఇవ్వండి" అన్న మాట వినిపిస్తుంది. ఊరికి తిరిగి వెళ్లే ఆటోలో వాడిపోయిన తోటకూరకు కూడా చోటు కావాలి. ఆ చోటుకు కిరాయి కట్టాలి. కట్టి తీసుకెళ్లినా తెల్లారేసరికి అది పశువుల మేతే.

అదే వేళకు రెండు వీధుల అవతలున్న సూపర్ మార్కెట్లో కూరగాయల అరలు నిండుగా ఉంటాయి. నీళ్లు చిలకరించిన కొత్తిమీర, అచ్చు పోసినట్టు ఒకే సైజు టమాటాలు, పొద్దున పెట్టిన ధర చీటీయే రాత్రికీ. అక్కడ ఎవరికీ టెన్షన్ ఉన్నట్టు కనిపించదు. మిగిలే సరుకు అక్కడా ఉంటుంది గానీ, దాని టెన్షన్‌లో చాలా భాగం ఆ గదిలోకి రాకముందే ఇంకొకరి నెత్తిన పడిపోయి ఉంటుంది.

దగ్గర్లో పండిన పంటను రైతు చేతి నుంచి కొనడం మంచిదా, సూపర్ మార్కెట్లో కొనడం మంచిదా అన్న చర్చ మన దగ్గర తాజాదనం, ధర, శుభ్రత చుట్టూనే తిరుగుతుంది. న్యాయంగా కొనడం గురించి మాట్లాడేవాళ్లు కూడా దళారి లేకపోతే అంతా బాగుపడుతుందన్నట్టు మాట్లాడతారు. కూరగాయల వ్యాపారంలో లాభం ఎవరిదో తెలియాలంటే ముందు నష్టం ఎటు పారుతోందో చూడాలి. అమ్ముడుపోని సరుకు ఖరీదు ఎవరు కడుతున్నారన్నది పట్టుకుంటే ఈ రెండు దారుల బాగోగులు కొంచెం వేరేగా కనిపిస్తాయి.

కొనేవాళ్లు పెట్టే రూపాయిలో రైతుకు చేరేది ఎంత? 2024 అక్టోబరులో రిజర్వ్ బ్యాంకు వెలువరించిన ఒక పరిశోధన పత్రం టమాటాలో సుమారు 33 పైసలు, ఉల్లిలో 36, బంగాళాదుంపలో 37 పైసలు అని లెక్కగట్టింది. టమాటాలో మిగతా 67 పైసలూ దళారులే మింగేశారని తిట్టడం తేలిక. అందులో హమాలీ ఉంది, ట్రేల అద్దె ఉంది, లారీ డీజిల్ ఉంది, మార్కెట్ ఫీజు ఉంది, దారిలో నలిగి నీరు కారిపోయిన కాయల ఖరీదు ఉంది. ఎర్రటి ఎండలో తోపుడు బండి నెట్టుకుంటూ సాయంత్రానికి సగం ధరకు వదిలించుకునే చిల్లర వ్యాపారి నష్టం కూడా ఉంది. సరుకు పట్టుకున్న ప్రతి చేయీ తన దగ్గర ఎంత పాడవుతుందో ముందే ఊహించి ఆ మేరకు ధరలో కలుపుకుంటుంది. మొదటి చేతికి మాత్రం ఆ వీలు లేదు. రైతు ధర చెప్పడు, వేలంలో వచ్చిన ధర వింటాడు.

ఈ వరసను తెంచడానికి తెలుగు నేల మీద జరిగిన పెద్ద ప్రయత్నం రైతు బజారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో చంద్రబాబు నాయుడు ప్రభుత్వం 1999 జనవరి 26న వీటిని మొదలుపెట్టింది. అప్పటికే పంజాబ్‌లో 'అప్నీ మండీ' పేరుతో ఇలాంటి సంతలు నడుస్తున్నాయి. తమిళనాడు అదే ఏడాది నవంబరులో మదురైలో 'ఉళవర్ సందై' తెరిచింది. మెహదీపట్నం, ఎర్రగడ్డ, కూకట్‌పల్లి, విశాఖలో ఎంవీపీ కాలనీ బజార్లు ఆయా నగరాల్లో గుర్తులుగా స్థిరపడ్డాయి. ఆటో డ్రైవరుకు ఇంటి నంబరు కన్నా 'రైతు బజారు దగ్గర' అంటేనే తొందరగా తెలుస్తుంది.

పద్ధతి సులువుగానే ఉంటుంది. సిబ్బంది ఊళ్లో పొలం చూసి, ఏ పంట ఎంత వేశారో రాసుకుని గుర్తింపు కార్డు ఇస్తారు. బజారులో కమీషన్ ఉండదు. ఎస్టేట్ ఆఫీసరు పొద్దున్నే టోకు ధరలు తెప్పించుకుని, ఆ రోజు ధర ఖాయం చేసి గేటు దగ్గర బోర్డు మీద రాయిస్తారు. టోకు కన్నా పాతిక శాతం ఎక్కువ, బయటి చిల్లర ధర కన్నా పాతిక శాతం తక్కువ ఉండాలన్నది పెట్టుకున్న కొలత. ఇద్దరికీ లాభమే కదా అనిపిస్తుంది. చాలా రోజుల్లో అది నిజం కూడా.

అయితే ఇక్కడ రైతే అమ్మకందారు. అమ్ముడుపోని సరుకు ఆయనదే, అమ్మడానికి కూర్చున్న రోజూ ఆయనదే. చేవెళ్ల, శంకర్‌పల్లి వైపు నుంచి మెహదీపట్నం వచ్చే రైతు చీకటితోనే లేవాలి, మళ్లీ ఇల్లు చేరేసరికి చీకటే. ఆ రోజు పొలం పని కూలి ఇచ్చి చేయించాలి, లేదంటే ఇంట్లో ఆడవాళ్లు అదీ నెత్తికెత్తుకోవాలి. అర ఎకరంలో ఆకుకూరలు వేసిన కుటుంబానికి ఇది గిట్టుబాటే. రోజూ కొంచెం కోస్తారు, రోజూ కొంత డబ్బు కళ్లజూస్తారు. మూడెకరాల టమాటా ఒకేసారి కాపుకొస్తే లెక్క తప్పుతుంది. రోజుకు వంద ట్రేలు కోసే రైతు, బజారు బల్ల మీద ఐదారు ట్రేలు అమ్మగలడేమో, మిగతాది టోకు వేలం జరిగే మండీకి తోలక తప్పదు. కాబట్టి రైతు బజారు మొదటి నుంచీ చిన్న కమతానికి, ఆకుకూరలకు, నగరానికి గంట దూరంలో ఉన్నవాళ్లకు అనువైన ఏర్పాటు. పెద్ద పంటకు అది పక్క దారి మాత్రమే.

రైతు బజార్లలో రైతులు కానివాళ్లు ఎందుకు చేరారన్నదానికి జవాబు కూడా ఇక్కడే దొరుకుతుంది. హైదరాబాద్‌కు బంగాళాదుంప ఆగ్రా వైపు నుంచి, ఉల్లిలో పెద్ద భాగం మహారాష్ట్ర నుంచి వస్తుంది. అవి అమ్మడానికి చేవెళ్ల రైతు ఉండడు కాబట్టి డ్వాక్రా సంఘాలకూ ఇతరులకూ దుకాణాలిచ్చారు. అది పద్ధతి ప్రకారం జరిగిందే. వేరేవాళ్ల కార్డు మీద టోకు సరుకు తెచ్చి అమ్మే బినామీల గోల ఇంకొకటి. తనిఖీలు జరుగుతాయి, కార్డులు రద్దవుతాయి, కొన్నాళ్లకు అదే వార్త జిల్లా పేజీలో మళ్లీ వస్తుంది. దీన్ని మోసం అని వదిలేస్తే సగమే చెప్పినట్టు. రోజంతా కూర్చోలేని రైతు తన సరుకు అమ్మిపెట్టే మనిషిని వెతుక్కుంటాడు. ఆ మనిషినే ఇంకో చోట దళారి అంటాం. కార్డుకు భూమి కాగితం అడిగిన చోట కౌలు రైతు గేటు బయటే ఉండిపోతాడు. పండించేది ఆయనే, కార్డు మాత్రం పొలం యజమాని పేరు మీద.

(కొనేవాళ్లకు ఒక చిన్న ఆనవాలు. రెండు మూడు రకాలే ఉండి, అవీ చిన్నా పెద్దా కలగలిసి, ఆకుల వేళ్లకు ఇంకా మట్టి అంటి ఉంటే పొలం నుంచి వచ్చిన సరుకు అయ్యే అవకాశం ఎక్కువ. బీన్స్, క్యారెట్, క్యాప్సికం, మునక్కాయ, చామదుంప అన్నీ ఒకే బల్ల మీద పేర్చి ఉంటే, ఆయన మంచి వ్యాపారి.)

ఇక సూపర్ మార్కెట్. హైదరాబాద్ మధ్యతరగతి కాలనీలకు త్రినేత్ర దుకాణాలు ఎప్పటినుంచో తెలుసు. 2006 చివర్లో రిలయన్స్ ఫ్రెష్ దేశంలోనే తన తొలి దుకాణాలను ఈ నగరంలో తెరిచింది. కొద్ది నెలల్లోనే త్రినేత్ర ఆదిత్య బిర్లా గ్రూపు చేతికి వెళ్లి, తర్వాత 'మోర్' అయింది. ఆ రోజుల్లో గట్టిగా వినిపించిన మాట, దళారులను పక్కనపెట్టి రైతు దగ్గర నేరుగా కొంటామన్నది. ఆ మాట పూర్తిగా ఉత్తదేమీ అవలేదు. నగరం చుట్టూ కూరగాయలు పండే మండలాల్లో కొనుగోలు కేంద్రాలు వచ్చాయి. ఎలక్ట్రానిక్ కాటా, బ్యాంకు ఖాతాలో డబ్బు, నగరం దాకా కిరాయి మిగులు ఇవన్నీ రైతుకు నచ్చాయి. తరుగు పేరుతో క్వింటాకు ఇన్ని కిలోలని కోసేయడం, చెప్పిన ధర ఒకటి చేతికొచ్చిన ధర ఇంకొకటి కావడం మండీలో అనుభవించినవాళ్లకు ఇది చిన్న ఊరట అనిపించదు. సూపర్ మార్కెట్‌ను రైతు శత్రువుగా చూసేవాళ్లు తెల్లవారుజామున ఏదైనా మండీలో గంటసేపు నిలబడితే వాళ్ల కోపంలో కొంత మండీ మీదికీ మళ్లుతుంది.

ఆ కేంద్రంలో జరిగే మొదటి పని మాత్రం ఏరడం. వంకర దొండకాయ పక్కకు, మచ్చ పడ్డ వంకాయ పక్కకు. బాగా పండిన టమాటా వద్దు, అరలో ఇంకో రెండు రోజులు నిలవాలి. మరీ పెద్ద సొరకాయ వద్దు, ఫ్లాట్‌లో ఇద్దరే ఉండేవాళ్లు కొనరు. ఇవాళ మూడు వందల కిలోలు చాలని ఆర్డరు వస్తే మూడు వందల కిలోలే. ఏరగా మిగిలిన సరుకును రైతు మళ్లీ ట్రేల్లో సర్దుకుని మండీకి తోలుకోవాలి. మేలు కాయ తీసేసిన సరుకు వేలంలో ఎంతకు పోతుందో ఊహించుకోవచ్చు. మొత్తం పంటకు సగటు తీస్తే, కొనుగోలు కేంద్రం ఇచ్చిన మంచి ధరలో కొంత అక్కడ కరిగిపోతుంది. పైగా కొనుగోలు కేంద్రం ఆ రోజు ఇచ్చే ధర కూడా ఎక్కువగా మండీ ధరను చూసి కట్టేదే. అంటే మండీని తప్పించామని చెప్పే వ్యాపారం మండీ ధర మీదే నిలబడింది, తనకు అక్కర్లేని సరుకుకు మండీనే చెత్తకుప్పగా వాడుకుంటోంది. అరలు రాత్రి దాకా అంత నిండుగా, అంత ఒద్దికగా ఎలా ఉంటాయన్నదానికి జవాబులో సగం ఈ ఏరుడులో ఉంది.

ఈ ఏరుడు ప్రభావం పొలం దాకా వెళ్తుంది. నాటు టమాటా తోలు పలచన, పులుపు ఎక్కువ, పప్పులో వేస్తే చింతపండు అక్కర్లేదు. కానీ ట్రేలో నాలుగు వరసల కింద పడితే నలిగిపోతుంది. తోలు మందంగా ఉన్న హైబ్రిడ్ రకం మదనపల్లె నుంచి ఎంత దూరమైనా వెళ్తుంది. దుకాణం ప్రయాణం తట్టుకునే కాయనే కోరితే రైతు ఆ విత్తనమే వేస్తాడు. సీతాఫలం ఈ పరీక్షలో మొదటి మెట్టు మీదే ఆగిపోతుంది. పండాక ఒకటి రెండు రోజులే దాని బతుకు. అందుకే మహబూబ్‌నగర్ సీతాఫలం ఇప్పటికీ గంపల్లో రోడ్డు పక్కన దొరుకుతుంది, ఎక్కడి నుంచో వచ్చిన అవకాడో చల్లటి అరలో గౌరవంగా కూర్చుంటుంది. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదని ఊరికే అనలేదు.

అలాగని దగ్గరిదంతా పర్యావరణానికి మేలని చెప్పడానికీ లేదు. ఆహారం ఎంత దూరం ప్రయాణించిందో కొలిచే 'ఫుడ్ మైల్స్' అనే ఆలోచన 1990ల్లో బ్రిటన్‌లో పుట్టింది. అమెరికాలో 2008లో వచ్చిన ఒక అధ్యయనం, అక్కడి ఆహారం వల్ల వెలువడే, భూమిని వేడెక్కించే వాయువుల్లో రవాణా మొత్తం వాటా 11 శాతమేనని, పొలం నుంచి దుకాణం దాకా సాగే చివరి ప్రయాణం వాటా 4 శాతమేనని తేల్చింది. మిగతాదాంట్లో ఎక్కువ భాగం పండించే పద్ధతిలో ఉంది. అంకెలు అమెరికావి, కానీ తర్కం ఇక్కడా పనిచేస్తుంది. పది టన్నుల లారీలో కిలోకు పడే డీజిల్ కన్నా, వంద కిలోలతో సగం ఖాళీగా వచ్చే ట్రాలీ ఆటోలో కిలోకు ఎక్కువ పడొచ్చు. బైకు మీద ఆరు కిలోమీటర్లు వెళ్లి రెండు కట్టల గోంగూర తెచ్చుకునేవాళ్లు ఆ లెక్క వేసుకోకపోవడమే మంచిది.

ఇంకో గందరగోళం, దగ్గరిదంటే మందులు కొట్టనిది అనుకోవడం. నగర శివారు పొలంలో కాలీఫ్లవర్‌కు పురుగు మందు కొట్టరని ఎవరూ హామీ ఇవ్వలేరు. రైతు బజారు కార్డు పొలం ఎవరిదో చెబుతుంది, పొలంలో ఏం చల్లారో చెప్పదు. సేంద్రియమని ముద్ర వేసి ప్యాకెట్‌లో అమ్మాలంటే ధ్రువీకరణ కావాలి. 2017లో ఆహార భద్రతా సంస్థ తెచ్చిన నిబంధనలు అలాంటి ప్యాకెట్ మీద 'జైవిక్ భారత్' గుర్తు ఉండాలన్నాయి. ఆ ధ్రువీకరణలో రెండు దారులున్నాయి. ఒకటి బయటి సంస్థ డబ్బు తీసుకుని తనిఖీ చేసేది. రెండోది ఒకే ప్రాంత రైతులు గుంపుగా ఏర్పడి ఒకరి పొలాన్ని ఒకరు చూసుకునే పీజీఎస్. చిన్న రైతు తానే నేరుగా వాడకందారుకు అమ్మితే ధ్రువీకరణ అక్కర్లేదని కూడా ఆ నిబంధనల్లో ఉంది. అంటే ముఖపరిచయానికి చట్టంలోనూ కొంత విలువ ఇచ్చారు. అయితే ఆ పరిచయం నిజంగా ఉండాలి. నెలకోసారి వచ్చి 'ఆర్గానిక్' అట్టముక్క చూసి కొనుక్కెళ్లే చోట అది ఉండదు.

ఆంధ్రప్రదేశ్‌లో 2016 నుంచి రైతు సాధికార సంస్థ ఆధ్వర్యంలో ప్రకృతి వ్యవసాయం పెద్ద ఎత్తున సాగుతోంది. 2024లో దానికి పోర్చుగల్ సంస్థ ఒకటి ఇచ్చే గుల్బెంకియన్ బహుమతిలో వాటా దక్కింది. జీవామృతం కలపడం నేర్పినంత వేగంగా ఆ పంటకు వేరే మార్కెట్ తయారు చేయడం ఎక్కడా కుదరలేదన్నది మాత్రం ఒప్పుకోవాలి. మందులు లేని వంకాయ మామూలు మండీకి వెళ్తే మామూలు వంకాయే.

నష్టాన్ని పంచుకునే పద్ధతులు లేకపోలేదు. శ్రీ సత్యసాయి జిల్లా చెన్నేకొత్తపల్లిలో 1990లో మొదలైన టింబక్టు కలెక్టివ్ తోడ్పాటుతో 'ధరణి' అనే రైతుల సహకార సంఘం నడుస్తోంది. సభ్యుల దగ్గర కొర్రలు, వేరుశనగ లాంటివి కొని, తామే శుద్ధి చేసి, తమ పేరుతో అమ్ముకుంటారు. సంగారెడ్డి జిల్లా జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో 1983లో మొదలైన డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల్లో దళిత మహిళా రైతులే ఎక్కువ. అక్కడ గింజ ముందు ఊళ్లో విత్తనానికి, తిండికి నిలవాలి, అమ్మకం ఆ తర్వాతే. ఈ రెండు చోట్లా మిగిలిన సరుకు ఒంటరి రైతు నెత్తిన కాకుండా సంఘం గిడ్డంగిలో ఉంటుంది. ఇది సాధ్యం కావడానికి ఒక కారణం ఆ పంటే. కొర్రలు కుళ్లవు. కొత్తిమీరతో సహకార సంఘం నడపడం ఇంతకు పదింతలు కష్టం. ఇలాంటి సంఘాలను పొగిడేటప్పుడు ఆ తేడా మరిచిపోతే కూరగాయల రైతుకు అన్యాయం చేసినట్టే. పైగా చిరుధాన్యాలకు పేరొచ్చాక నగరంలో కొర్రల ధర సన్నబియ్యాన్ని దాటింది. ఒకప్పుడు అవే తిండిగా బతికిన ఇళ్లలో ఇప్పుడు రేషన్ బియ్యం ఉడుకుతోంది.

పాడైపోయే పంట సంగతి తెలియాలంటే 2023 చాలు. ఆ జూలైలో మదనపల్లె మార్కెట్లో మేలు రకం టమాటా కిలో 150 రూపాయలు దాటింది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం టమాటా కొని రైతు బజార్లలో కిలో 50 రూపాయలకు అమ్మింది, జనం బారులు తీరారు. సెప్టెంబరు వచ్చేసరికి ధర పది రూపాయల లోపుకు పడిపోయింది. రాయలసీమలో రోడ్ల పక్కన ఎర్రటి కుప్పలు కనిపించాయి. పెరిగినప్పుడు కొనేవాళ్ల కోసం దిగినంత చురుగ్గా, పడినప్పుడు పండించేవాళ్ల కోసం దిగడం జరగదు. దుకాణంలో ధర చీటీ కూడా పైకి లగెత్తినంత వేగంగా కిందికి దిగదు. కోత కూలి కూడా రాదని రైతు తోటను వదిలేస్తే కూలీల పనీ పోతుంది. టమాటా కోసేవాళ్లలో, మిర్చి ఏరేవాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లు. రైతు బజారు బోర్డు మీద గానీ సూపర్ మార్కెట్ చీటీ మీద గానీ వాళ్ల కూలి రేటు ఉండదు. న్యాయమైన కొనుగోలు గురించి నగరంలో జరిగే ప్రచారాల్లోనూ వాళ్ల మాట దాదాపు వినిపించదు.

కాబట్టి ఏ ఇంటికైనా అన్నీ ఒకే చోట కొనాలన్న పట్టుదల అనవసరం. ఉల్లి, బంగాళాదుంప ఎక్కడ కొన్నా అవి దూరం నుంచి వచ్చినవే. బిల్లూ తూకమూ పక్కాగా ఉన్న చోట కొనుక్కోవచ్చు. పప్పులు, చిరుధాన్యాలు సంఘాల దగ్గర దొరికితే అక్కడ పెట్టిన డబ్బు ఊరికి చేరే అవకాశం ఎక్కువ. ఆకుకూరలు, దోస, బీర, వంకాయ లాంటివి పండించిన మనిషి చేతి నుంచి కొంటే తేడా వెంటనే కనిపిస్తుంది, వీలైతే చివరి బస్సు వేళ దాకా ఆగకుండా. సూపర్ మార్కెట్లో కరివేపాకు రెబ్బకూ బార్‌కోడ్ ఉంటుంది, మారు మాట్లాడకుండా డబ్బు కడతాం. గంప ముందు కూర్చున్నామె దగ్గర మాత్రం కట్టకు రెండు రూపాయలు తగ్గించి, ఆ పైన కరివేపాకు కొసరు అడుగుతాం. కొసరు ఒకప్పుడు అమ్మేవాళ్లు ఇష్టంగా వేసేది.

ఎవరూ కొనని సరుకుకు ఇప్పుడు హైదరాబాద్‌లో ఒక చివరి మజిలీ ఉంది. బోయిన్‌పల్లి కూరగాయల మార్కెట్‌లో మిగిలిన, కుళ్లిన కూరగాయలతో బయోగ్యాస్ ప్లాంటు నడుస్తోంది. 2021 జనవరిలో ప్రధాని తన 'మన్ కీ బాత్' ప్రసంగంలో దాన్ని మెచ్చుకున్నారు. అప్పటి లెక్క ప్రకారం రోజుకు సుమారు 10 టన్నుల వ్యర్థం, దాని నుంచి 500 యూనిట్ల కరెంటు. ఆ కరెంటుతో మార్కెట్లో దీపాలు వెలుగుతాయి, గ్యాస్‌తో క్యాంటీన్‌లో వంట చేస్తారు. తెల్లవారుజామున ఆ దీపాల వెలుతురులోనే మళ్లీ ట్రేలు దిగుతాయి, వేలం మొదలవుతుంది.